సీసాలోకి చేరిన నారింజ తొక్క: బరువు తగ్గించే సిట్రస్ సారాల్లో ఏముంది, ఎంత పనిచేస్తుంది

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పిన్ని అల్మరాలోంచి ఒక తెల్ల సీసా తీసి నా చేతిలో పెట్టింది. డల్లాస్ నుంచి వచ్చిన తమ్ముడు తెచ్చిచ్చాడట. "నారింజ పండుతో చేసిందేనంటరా. బరువు తగ్గుతుందంట. పండే కదమ్మా, ఏం కాదు వేసుకో అన్నాడు వాడు. నువ్వొకసారి చదివి చెప్పు" అంది. సీసా ముందువైపు కోసిన నారింజ బొమ్మ, దాని మీద నీటి చుక్కలు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి: సిట్రస్ ఆరాంటియం (అంటే చేదు నారింజ) ఎక్స్‌ట్రాక్ట్ 500 మి.గ్రా., అందులో 6 శాతం సినెఫ్రిన్ అనే ఉత్తేజకం. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్. కెఫీన్ 200 మి.గ్రా.; రోజుకు రెండు. మా పిన్ని పొద్దున బీపీ మాత్ర, రాత్రి కొలెస్ట్రాల్ మాత్ర వేసుకునే మనిషి.

ఇలాంటి సీసాలు ఇప్పుడు చాలా ఇళ్లల్లో కనిపిస్తున్నాయి. కారణం తెలిసిందే. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. మగవాళ్లలో ఆ లెక్క 31.1, 32.3 శాతం. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాక బరువు తగ్గడం గురించి ఇంటింటా మాట్లాడుకుంటున్నారు. ఇంజెక్షన్ అంటే టెన్షన్ పడేవాళ్లు, అంత ఖర్చు పెట్టలేనివాళ్లు "సహజం" అని రాసున్న సీసా వైపు చూడటంలో వింతేమీ లేదు. ఆ సీసా వెనకవైపు అక్షరాలను విప్పి చెప్పడానికే ఈ వ్యాసం.

సిట్రస్ అంటే ఏ పండ్లు, సారం అంటే ఏమిటి

నిమ్మ, బత్తాయి (రాయలసీమలో చీనీ), కమలా, నారింజ, దబ్బ, మాదీఫలం, పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ అన్నీ ఒకే కుటుంబం. జన్యువులు పరిశీలించి చూస్తే ఈ కుటుంబంలో చాలావాటికి మూలపురుషులు మూడే: పంపర పనస, మాదీఫలం, కమలా జాతి. పంపర పనసకీ కమలా జాతికీ కలిసి పుట్టింది చేదు నారింజ. పంపర పనసకీ తియ్య నారింజకీ పుట్టింది గ్రేప్‌ఫ్రూట్. ఈ చుట్టరికాన్ని గుర్తుంచుకుంటే చివర్లో మందుల సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఒక బత్తాయిని ఒలిచి చూడండి. గోరు గుచ్చగానే చిమ్మి కళ్లు మండించేది పైతొక్కలోని నూనె. ఆ వాసనలో ఎక్కువ భాగం లిమోనీన్ అనే పదార్థానిది. దాని కింద దూదిలాంటి తెల్లటి పొర. మనం గోటితో గీకి పారేసేది అదే. పెక్టిన్ అనే పీచు, హెస్పెరిడిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల రసాయనాలు ఎక్కువగా ఉండేది ఆ పొరలోనే. గ్రేప్‌ఫ్రూట్, పంపర పనసల్లో చేదు పుట్టించే నరింజిన్ కూడా ఫ్లేవనాయిడే. లోపలి తొనల్లో రసం, చక్కెర, పులుపు, విటమిన్ సి. అంటే సప్లిమెంట్ కంపెనీలకు కావలసిన సరుకులో ఎక్కువ పాలు మనం తినే తొనలో కాక పారేసే తొక్కలో ఉంది. పెద్ద జ్యూస్ ఫ్యాక్టరీల్లో పండు బరువులో దాదాపు సగం తొక్క, పిప్పి కిందే పోతుంది. పారేయాల్సినదాన్ని అమ్ముకోగలిగితే ఎవరికైనా లాభమే. అందులో తప్పేమీ లేదు. కానీ సీసా మీద కోసిన పండు బొమ్మ వేసి, లోపల తొక్క నుంచి తీసిన పొడి పెట్టినప్పుడు ఆ రెండూ ఒకటి కాదని కొనేవాళ్లకు తెలియాలి.

సారం తీయడమంటే మన ఇళ్లల్లో కషాయం కాచడం లాంటిదే. ఎండబెట్టిన తొక్కనో, పచ్చికాయనో పొడి చేసి నీళ్లలోనో ఆల్కహాల్‌లోనో నానబెడతారు. అందులోకి దిగినదాన్ని వడకట్టి, తడి ఆర్చేసి పొడిగా మారుస్తారు. కషాయం నాలుగో వంతు మిగిలేదాకా మరిగితే ఘాటెక్కినట్టే, ఇక్కడా కొన్ని పదార్థాలు పండులో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు చిక్కబడతాయి. పీచు దాదాపుగా పోతుంది. పండులో కడుపు నింపేది ఆ పీచే.

లేబుల్ మీద 500 అంటే లోపల ఎంత

సీసా మీద పెద్దగా కనిపించే అంకె సారం మొత్తం బరువు. పనిచేస్తుందని చెప్పే పదార్థం ఎంతుందో దాని పక్కనున్న శాతం చెబుతుంది. మా పిన్ని సీసానే తీసుకుందాం. 500 మి.గ్రా. సారంలో 6 శాతం సినెఫ్రిన్ అంటే ఒక్కో క్యాప్సూల్‌లో 30 మి.గ్రా. రోజుకు రెండు కాబట్టి 60 మి.గ్రా. వేరే కంపెనీ సీసా మీద 100 మి.గ్రా. సారం అనే ఉండొచ్చు, కానీ అది 50 శాతం రకమైతే ఒక్క క్యాప్సూల్‌లోనే 50 మి.గ్రా. సినెఫ్రిన్ ఉన్నట్టు. చూడటానికి చిన్న అంకె ఉన్న సీసాలోనే మోతాదు ఎక్కువ. శాతం అసలు రాయకుండా "సిట్రస్ ఎక్స్‌ట్రాక్ట్ 500 మి.గ్రా." అని ఊరుకున్న సీసాలోంచి ఏమీ తెలుసుకోలేం.

ఈ 60 ఎక్కువా తక్కువా? ఫ్రాన్స్ ఆహార భద్రతా సంస్థ ఆన్సెస్ 2014లో సప్లిమెంట్ల నుంచి వచ్చే సినెఫ్రిన్ రోజుకు 20 మి.గ్రా. దాటకూడదని, దాన్ని కెఫీన్‌తో కలపకూడదని చెప్పింది. కెనడా ఆరోగ్య శాఖ కాస్త ఉదారంగా ఉంది: ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 50 మి.గ్రా. వరకు, కెఫీన్‌తో కలిపితే 40 మి.గ్రా. వరకు ఒప్పుకుంది. రెండు దేశాల నిపుణులూ ఉన్న ఆధారాలనే చూసి వేర్వేరు గీతలు గీశారు. మా పిన్ని సీసా ఆ రెండు గీతలనూ దాటింది. కెఫీన్ విడిగా రోజుకు 400 మి.గ్రా., అంటే ఆమె తాగే రెండు కాఫీలు కాక మరో నాలుగైదు కప్పులు తాగినట్టు.

ఒకే పేరు కింద నాలుగు వేర్వేరు సరుకులు

గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. "సిట్రస్ సారం బరువు తగ్గిస్తుందా?" అని అడిగితే జవాబు దొరకదు, ఎందుకంటే ఆ పేరుతో అమ్మేవి ఒకదానికొకటి పోలిక లేని సరుకులు. చేదు నారింజ సారం ఒకటి. దీని బలం సినెఫ్రిన్ అనే ఉత్తేజకం. సిసిలీలో పండే ఎర్ర నారింజ సారం రెండోది. దీని బలం ఎర్ర రంగునిచ్చే ఆంథోసయనిన్లు. గ్రేప్‌ఫ్రూట్ సారం మూడోది. నాలుగోది వీటన్నిటినీ కలిపి, పైన గ్వారానా గింజల సారం కూడా చేర్చిన మిశ్రమాలు. గ్వారానాలో ఉండేది కెఫీన్.

దుకాణాల్లో సిట్రస్ పక్కనే కనిపించే ఇంకో పేరు హైడ్రాక్సీసిట్రిక్ యాసిడ్. పేరులో సిట్రిక్ ఉన్నా దానికి నిమ్మ కుటుంబంతో సంబంధం లేదు. అది కేరళ చేపల పులుసులో వేసే కుడంపులి నుంచి, అంటే గార్సీనియా నుంచి తీసేది. 1998లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన 135 మంది ప్రయోగంలో అది ఉత్తుత్తి మాత్రను (మందు లేని మాత్రను) మించి ఏమీ చేయలేదు. గార్సీనియా ఉన్న సప్లిమెంట్లు వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

చేదు నారింజ: ఎఫెడ్రా పోయాక వచ్చింది

చేదు నారింజ సప్లిమెంట్ల కథ అర్థం కావాలంటే ఎఫెడ్రా కథ తెలియాలి. ఎఫెడ్రా చైనా వైద్యంలో వాడే ఒక మూలిక. అందులోని ఎఫెడ్రిన్ గుండె వేగాన్ని, శరీరం శక్తి ఖర్చుచేసే వేగాన్ని పెంచుతుంది. 1990లలో అమెరికాలో బరువు తగ్గించే మాత్రల్లో దాన్ని విచ్చలవిడిగా వాడారు. 2003 ఫిబ్రవరిలో బాల్టిమోర్ ఓరియోల్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు స్టీవ్ బెచ్లర్ ఫ్లోరిడాలో శిక్షణ మధ్యలో వడదెబ్బతో కూలిపోయి చనిపోయాడు. వయసు 23. అతని మరణంలో ఎఫెడ్రా పాత్ర ఉందని పోస్ట్‌మార్టం చేసిన వైద్యుడు చెప్పాడు. 2004 ఏప్రిల్ నుంచి అమెరికా ఎఫెడ్రా సప్లిమెంట్లను నిషేధించింది.

నిషేధం వచ్చాక కంపెనీలకు ప్రత్యామ్నాయం కావలసి వచ్చింది. "ఎఫెడ్రా లేనిది" అన్న కొత్త లేబుల్‌తో ఆ చోటులోకి వచ్చింది చేదు నారింజ. చైనా వైద్యంలో దాని పచ్చికాయను ఎండబెట్టి జీర్ణానికి వాడటం పాత అలవాటే. బరువు తగ్గడానికి వాడటం మాత్రం కొత్త.

సినెఫ్రిన్ నిర్మాణం ఎఫెడ్రిన్‌కు దగ్గర. అయితే ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది, సమర్థించేవాళ్ల వాదనంతా దాని మీదే నిలబడింది. పండులో సహజంగా ఉండేది పి-సినెఫ్రిన్. రక్తనాళాలను బిగించే గ్రాహకాలను (కణాల మీద రసాయనాలు అతుక్కునే చోట్లను) అది చాలా బలహీనంగానే తాకుతుంది. కొవ్వు కణాలను కదిలించే బీటా-3 గ్రాహకాల మీద కొంత పనిచేస్తుందని అంటారు. ముక్కుదిబ్బడకు వాడే ఫినైల్ఎఫ్రిన్‌ను ఎం-సినెఫ్రిన్ అని కూడా పిలుస్తారు. అది వేరే పదార్థం. ఈ రెంటినీ, ఎఫెడ్రిన్‌నూ ఒకే గాటన కట్టి భయపెట్టడం తప్పని సమర్థకులు అంటారు. రసాయనశాస్త్రం వరకు ఈ మాట నిజమే.

మరి మనుషుల్లో ఏం కనిపించింది? 2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు పదిమంది ఆరోగ్యవంతుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒకసారి సుమారు 47 మి.గ్రా. సినెఫ్రిన్ ఉన్న చేదు నారింజ సారం మాత్రమే ఇచ్చారు. ఇంకోసారి కేవలం 5.5 మి.గ్రా. సినెఫ్రిన్‌తో పాటు కెఫీన్, ఇంకా వేరే పదార్థాలు కలిసిన బజారు మిశ్రమం ఇచ్చారు. రెండూ గుండె వేగాన్ని పెంచాయి. బీపీని పెంచింది మాత్రం రెండోదే. సినెఫ్రిన్ ఎనిమిదో వంతు ఉన్న మిశ్రమం బీపీని పెంచింది, ఎనిమిది రెట్లు ఉన్న ఒంటరి సారం పెంచలేదు. అంటే సీసాలో సినెఫ్రిన్ ఎంతుందన్నదాని కంటే దానితో పాటు ఇంకేం ఉందన్నదే పెద్ద ప్రశ్న. బజారులో సినెఫ్రిన్ ఒంటరిగా దొరికేది తక్కువ.

గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు ఇలాంటి మాత్రలు వాడారన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. వాటిలో చాలావరకు నాలుగైదు ఉత్తేజకాలు కలిసిన మిశ్రమాలే కాబట్టి తప్పు సినెఫ్రిన్‌దేనని తేల్చలేం. 2022లో హంగరీ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి లెక్కగట్టారు. రెండు నెలల దాకా వాడినప్పుడు బీపీ పైఅంకె సగటున 6, కింది అంకె 4 పాయింట్లు పెరిగినట్టు తేలింది. బరువు విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నా దృష్టిలో చేదు నారింజ గురించి అన్నిటికంటే బరువైన ఆధారం ఇదే. మేలు రుజువు కాలేదు, హాని చిన్నదే అయినా కొలతకు అందింది.

65 కేలరీల లెక్క

అమ్మకందారులు ఎక్కువగా చూపించే ప్రయోగం ఒకటుంది. 2011 నాటిది, ఒక్కో గుంపులో పదిమంది. 50 మి.గ్రా. సినెఫ్రిన్ వేసుకున్న 75 నిమిషాల తర్వాత కొలిస్తే, ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తి 65 కిలోకేలరీలు పెరిగింది. నరింజిన్, హెస్పెరిడిన్ కలిపినప్పుడు 183 దాకా వెళ్లింది.

ఈ 65ను మన భాషలోకి మార్చుకుందాం. మామూలు సైజు ఇడ్లీ ఒకటి, కాస్త అటూ ఇటూగా. ఆ పెరుగుదల రోజంతా, నెలంతా అలాగే ఉంటుందనుకుంటే 65ను 30తో గుణిస్తే 1,950 కిలోకేలరీలు. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కావాలి. కాబట్టి నెలకు పావు కిలో. కాగితం మీద ఇది ఏడాదికి మూడు కిలోలు, ఆశ పుట్టించే అంకే.

కానీ ఈ లెక్కలో "అనుకుంటే" అన్న మాట చాలా బరువు మోస్తోంది. కొలిచింది ఒక్క పూట, ఒక్క మోతాదు తర్వాత. పది రోజులకు శరీరం దానికి అలవాటు పడుతుందా, కాస్త ఎక్కువ ఆకలి పుట్టించి ఆ లోటు పూడ్చుకుంటుందా అన్నది ఆ ప్రయోగం చూడలేదు. కాఫీ కొత్తగా తాగినవాడికి నిద్ర పట్టదు, ఏళ్ల తరబడి తాగేవాడు తాగి పడుకుంటాడు. ఉత్తేజకాల విషయంలో శరీరం అంత తొందరగా సర్దుకుంటుంది. నెలల తరబడి చేసిన ప్రయోగాల్లో బరువు తగ్గినట్టు కనిపించకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

ఎర్ర నారింజ: ఉన్నవాటిలో మెరుగైన ఆధారం

సిసిలీ ద్వీపంలో ఎట్నా అగ్నిపర్వతం చుట్టుపక్కల మోరో అనే నారింజ పండుతుంది. పగలు ఎండ, రాత్రి చలి ఉండటం వల్ల లోపలి తొనలు నెత్తురు రంగుకు తిరుగుతాయి. 2010లో ఇటలీ శాస్త్రవేత్తలు కొవ్వు ఎక్కువున్న తిండి తినే ఎలుకలకు ఈ రసం పట్టించారు. వాటికి కొవ్వు తక్కువ చేరింది. మామూలు నారింజ రసం పట్టిస్తే ఆ ఫలితం రాలేదు. ఎరుపంతా ఆంథోసయనిన్ల మహిమే అనుకుని వాటిని విడిగా తీసి ఇచ్చారు. ఎలుకలు మళ్లీ లావెక్కాయి. రసంలో కలిసి పనిచేసిందేదో విడిగా తీసిన సారంలో లేదన్నమాట. సారాలు అమ్మేవాళ్లు మోరో ఎలుకల గురించి చెప్పేటప్పుడు ఈ రెండో సగం కూడా చెప్పాలి.

మనుషుల మీద జరిగిన పెద్ద ప్రయోగం 2022లో వచ్చింది. ఆస్ట్రేలియాలో 180 మందిని తీసుకుని, సగం మందికి రోజుకు 400 మి.గ్రా. మోరో సారం, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, ఆరు నెలలు ఇచ్చారు. ఎవరిది ఏదో వాళ్లకూ తెలియదు, ఇచ్చేవాళ్లకూ తెలియదు. సారం గుంపు బరువులో 4.2 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్ర గుంపు 2.2 శాతం తగ్గింది.

ప్రకటనల్లో మొదటి అంకె ఒక్కటే వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. 85 కిలోల మనిషి అనుకోండి. 4.2 శాతమంటే సుమారు 3.6 కిలోలు. ఏ మందూ లేని మాత్ర మింగినవాళ్లు కూడా 1.9 కిలోలు తగ్గారు. ప్రయోగంలో చేరగానే మనిషి తన తిండిని గమనిస్తాడు, వచ్చే నెల తూకం గుర్తొచ్చి రెండో గారె మానేస్తాడు. ఆ జాగ్రత్త వల్ల తగ్గింది పోతే సారం తెచ్చిన తేడా 1.7 కిలోలు, ఆరు నెలలకు. వారానికి 65 గ్రాములు. సీసా నెలకు 1,500 రూపాయలు అనుకుంటే ఆరు నెలలకు 9,000. సారం వల్ల అదనంగా తగ్గిన ఒక్కో కిలోకు 5,300 రూపాయల చొప్పున పడుతుంది.

ఇది అబద్ధపు ఫలితమని నేననను. పద్ధతిగా జరిగిన ప్రయోగం, తేడా నిజంగా కనిపించింది. కానీ ఎంత తేడా అన్నది చూడాలి. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ మీద 2021లో వచ్చిన ప్రయోగంలో 68 వారాలకు మందు గుంపు 14.9 శాతం, ఉత్తుత్తి గుంపు 2.4 శాతం తగ్గాయి. ఇంజెక్షన్‌కు దాని ఇబ్బందులు, దాని ఖర్చు దానికున్నాయి. కొలబద్ద కోసమే దీన్ని చెప్పాను.

గ్రేప్‌ఫ్రూట్: పండు గొప్పా, నీళ్లు గొప్పా

అన్నానికి ముందు సగం గ్రేప్‌ఫ్రూట్ తింటే కొవ్వు కరుగుతుందన్న నమ్మకం అమెరికాలో 1930ల నుంచీ ఉంది. 2006లో శాన్‌డియెగోలోని స్క్రిప్స్ క్లినిక్ దాన్ని 91 మంది మీద పరీక్షించింది. 12 వారాలకు పండు తిన్నవాళ్లు 1.6 కిలోలు, రసం తాగినవాళ్లు 1.5, గ్రేప్‌ఫ్రూట్ క్యాప్సూల్ వేసుకున్నవాళ్లు 1.1, ఉత్తుత్తి మాత్ర వాళ్లు 0.3 కిలోలు తగ్గారు. సారం కంటే పండే ఒక మెట్టు పైన నిలిచింది.

2011లో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం ఒక తెలివైన ప్రశ్న వేసింది: పండు వల్లా, లేక భోజనానికి ముందు కడుపులోకి ఏదో ఒకటి వెళ్లడం వల్లా? 85 మంది ఊబకాయుల్ని తక్కువ కేలరీల తిండి మీద ఉంచి, భోజనానికి ముందు కొందరికి గ్రేప్‌ఫ్రూట్, కొందరికి దాని రసం, కొందరికి మంచినీళ్లు ఇచ్చారు. అందరూ కలిపి సగటున 7.1 శాతం తగ్గారు. మూడు గుంపుల మధ్య బరువులో తేడా లేదు. మంచినీళ్లు పండుతో సమానంగా నిలబడ్డాయి. ఈ అధ్యయనానికి డబ్బిచ్చింది ఫ్లోరిడా రాష్ట్ర సిట్రస్ శాఖ, పండ్లు అమ్ముడుపోవాలని కోరుకునే సంస్థ. అయినా పరిశోధకులు వచ్చిన ఫలితాన్ని వచ్చినట్టే ప్రచురించారు.

పొద్దున్నే నిమ్మరసం, తేనె, గోరువెచ్చని నీళ్లు తాగే మన అలవాటును కూడా ఈ వెలుగులో చూడొచ్చు. పాలు, చక్కెర వేసిన టీ బదులు అది తాగితే కేలరీలు తగ్గుతాయి. ఆ తగ్గుదల మానేసిన చక్కెరది. పెద్ద చెంచాడు తేనెలో మాత్రం 60కి పైగా కిలోకేలరీలుంటాయి. పైన చెప్పిన ఇడ్లీ లెక్క అక్కడికక్కడే చెల్లు.

ఎలుకల్లో కరిగిన కొవ్వు మనుషుల్లో ఎందుకు కరగదు

వార్తల్లో "నారింజ తొక్కలో ఊబకాయానికి మందు" అని వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఎలుకల మీద జరిగినవే. కమలా తొక్కలోని నోబిలెటిన్, గ్రేప్‌ఫ్రూట్‌లోని నరింజెనిన్ ఎలుకల్లో నిజంగానే చక్కటి ఫలితాలిచ్చాయి. అడ్డు వచ్చేది మోతాదు. ఎలుకకు కిలో బరువుకు 100 మి.గ్రా. ఇచ్చారనుకుందాం. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు శాస్త్రవేత్తలు సాధారణంగా 12.3తో భాగిస్తారు. కిలోకు 8.1 మి.గ్రా. వస్తుంది. 70 కిలోల మనిషికి రోజుకు 570 మి.గ్రా. సారం కాదు, శుద్ధమైన పదార్థం. తొక్క సారంలో అది 5 శాతమే ఉంటే రోజుకు 11 గ్రాముల సారం మింగాలి, అర గ్రాము క్యాప్సూళ్లయితే ఇరవై రెండు.

రెండో అడ్డంకి పేగుల్లో ఉంది. హెస్పెరిడిన్‌కు చక్కెర అణువులు అతుక్కుని ఉంటాయి. అది చిన్నపేగులో పెద్దగా ఇంకదు. పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి బ్యాక్టీరియా ఆ చక్కెరను కత్తిరించాకే కొంత ఒంటికి పడుతుంది. ఆ బ్యాక్టీరియా ఒక్కొక్కరిలో ఒక్కో రకం. ఒకే సీసా ఇద్దరికి ఒకేలా పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణం.

సమర్థకులు, సందేహించేవాళ్లు

సమర్థకుల మాటలో బలం ఉంది. ఒకట్రెండు కిలోలు కూడా చిన్న విషయం కాదని, ఊబకాయం ఏళ్ల తరబడి సాగే సమస్య కాబట్టి చిన్న సాయాలు కూడితే పెద్దవవుతాయని వాళ్లంటారు. పండ్ల ఫ్లేవనాయిడ్ల వల్ల రక్తనాళాలకు, కొలెస్ట్రాల్‌కు కలిగే మేలును బరువు తూకంతో మాత్రమే కొలవకూడదనీ అంటారు.

సందేహించేవాళ్లు ప్రయోగాల సైజు, కాలం, డబ్బు వైపు వేలు చూపిస్తారు. చాలావరకు 12 వారాల్లో ముగిసినవే. గ్రేప్‌ఫ్రూట్, నారింజ, గ్వారానా కలిపిన ఒక ఫ్రెంచ్ మిశ్రమం మీద 2008లో వచ్చిన మొదటి ప్రయోగంలో ఉన్నది 20 మందే. పైగా గ్వారానా కెఫీన్ చేసిన పని ఎంత, పండు చేసిన పని ఎంత అన్నది విడదీయలేం. అమ్మే కంపెనీయే పరీక్షకు డబ్బు పెట్టడం ఈ రంగంలో మామూలు. అంతమాత్రాన ఫలితం తప్పని కాదు, వాండర్‌బిల్ట్ సంగతి చూశాం. అయితే ఫలితం రాని ప్రయోగాలు అల్మరాలోనే ఉండిపోయే ప్రమాదం ఎక్కువ. మాత్ర మానేశాక తగ్గిన బరువు నిలిచిందా అని ఏళ్ల తరబడి చూసినవి లేకపోవడమే నాకు అన్నిటికంటే పెద్ద లోటుగా అనిపిస్తుంది.

చట్టం దృష్టిలో ఇది మందు కాదు, తిండి

అమెరికాలో 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్‌ను అమ్మే ముందు అది పనిచేస్తుందని ప్రభుత్వానికి రుజువు చేయాల్సిన పని లేదు. మన దేశంలో వీటిని చూసేది ఔషధ నియంత్రణ శాఖ కాదు, ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ. 2016 నిబంధనల ప్రకారం లేబుల్ మీద "ఔషధంగా వాడటానికి కాదు" అన్న హెచ్చరిక ఉండాలి. 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉంటే తయారీదారు నమోదైనట్టు అర్థం. లోపలి సరుకు బరువు తగ్గిస్తుందని ఆ నంబర్ చెప్పదు.

ఇంకో భయం కల్తీ. సిబుట్రమిన్ అనే బరువు తగ్గించే మందు గుండెకు ప్రమాదమని తేలి 2010లో అమెరికాలో మార్కెట్ నుంచి పోయింది, 2011లో మన దేశం నిషేధించింది. ఆ తర్వాత కూడా "సహజం", "హెర్బల్" అని అమ్మిన సన్నబడే మాత్రల్లో అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని పదే పదే పట్టుకుంది. సహజ సారం వారం రోజుల్లోనే ఆకలి చంపేసిందంటే అందులో ఏం కలిసిందన్న అనుమానం రావడం సబబే.

పంపర పనస చుట్టరికం, రోజూ వేసుకునే మాత్రలు

1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందుకీ ఆల్కహాల్‌కీ మధ్య సంబంధం చూస్తోంది. ఆల్కహాల్ రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. రక్తంలో మందు ఊహించినదానికంటే ఎన్నో రెట్లు కనిపించింది. వెతికితే దోషం రసానిదని తేలింది. మనం మింగే చాలా మాత్రల్లో కొంత భాగాన్ని పేగు గోడల్లోని సిప్ 3ఏ4 అనే ఎంజైమ్ రక్తంలోకి చేరకముందే విరిచేస్తుంది. డాక్టర్ రాసే మోతాదు అలా విరిగిపోయే భాగాన్ని లెక్కలో వేసుకున్నదే. గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలు ఆ ఎంజైమ్‌ను పనిచేయకుండా చేస్తాయి. అప్పుడు ఒక్క మాత్ర వేసుకున్నా రెండు మూడు వేసుకున్నట్టు అవుతుంది. ఒక గ్లాసు రసం చాలు, ప్రభావం ఒక రోజుకు మించి ఉండొచ్చు. సిమ్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందులు, కొన్ని బీపీ మందులు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే సైక్లోస్పోరిన్ ఈ జాబితాలో ఉన్నాయి.

మొదట్లో చెప్పిన చుట్టరికం ఇక్కడ పనికొస్తుంది. ఈ గుణం పంపర పనసలో ఉంది, దాని సంతానమైన గ్రేప్‌ఫ్రూట్‌లో, చేదు నారింజలో ఉంది. మామూలు తియ్య నారింజకు ఆ గుణం రాలేదు. సారం తీసే పద్ధతిని బట్టి ఫ్యూరానోకౌమరిన్లు పొడిలో మిగలొచ్చు, పోవచ్చు. నేను చూసిన లేబుళ్లలో ఆ సంగతి రాసినది ఒక్కటీ లేదు.

ఇదంతా విన్నాక మా పిన్ని కిటికీలోంచి పెరట్లోకి చూసింది. అక్కడ పంపర పనస చెట్టు ఉంది, మా తాతయ్య వేసింది. కాయ పండితే తొనలు ఒలిచి ఉప్పూకారం అద్ది ఇంటిల్లిపాదికీ పెడుతుంది. "అయితే దాని సంగతీ అడగాలన్నమాట" అంది. వచ్చే వారం ఆమెకు బీపీ డాక్టర్ దగ్గర చూపించుకునే రోజు. మందుల చీటీ వెనక నేను మూడు లైన్లు రాసిచ్చాను: సినెఫ్రిన్ రోజుకు 60 మి.గ్రా., కెఫీన్ రోజుకు 400 మి.గ్రా., పెరట్లో పంపర పనస. సీసా మూత తీయకుండానే ఆ చీటీతో పాటు చేతిసంచిలో పెట్టుకుంది.